రెండో పేరు

మూడు గంటలకు నామినేషన్ల గడువు ముగుస్తుంది. ఇప్పుడు పదకొండున్నర. అసెంబ్లీ సీటుకు దాఖలైంది ఒకే ఒక్క పేరు. ఇప్పటికే రెండుసార్లు గెలిచిన ఎమ్మెల్యేది.

రెండో పేరు లేకపోతే పోలింగే ఉండదు. ఏటి మీద కూలిన వంతెన గురించి ఇంకో ఐదేళ్లు అడిగే నాథుడూ ఉండడు.

రిటైరైన హెడ్ నర్సు ఆస్పత్రి వెనక షెడ్డులోకి అడుగుపెట్టేసరికి అంబులెన్స్ డ్రైవరు స్ట్రెచర్ కడుగుతున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆవిడ ఎవరినీ బతిమాలలేదు. ఈ వారమంతా గడప గడపా ఎక్కి బతిమాలింది. ఎనిమిది మంది తప్పించుకున్నారు.

"నువ్వు నిలబడాలిరా."

"ఎక్కడ సిస్టరమ్మా?"

"ఎన్నికల్లో."

డ్రైవరు చేతిలో పైపు పక్కకు తిరిగి అతని ప్యాంటే తడిసింది.

"బండి నాదే కానీ గేటు ఆస్పత్రిది. ఎమ్మెల్యేగారు ఒక్క ఫోన్ కొడితే నన్ను లోపలికి రానివ్వరు. పైగా నలుగురిలో నాకు నోరు పెగలదు. మా ఆవిడ ముందే పెగలదు!"

"గేటు మూసినా మూస్తారు, నిజమే," అంది నర్సు. ఉత్త ధైర్యాలు ఆవిడ రోగులకే చెప్పేది కాదు. "సరే, నిన్ను వదిలేశా. లాయరుగారిని నిలబడమని అడుగుదాం. బండి తియ్యి."

లాయరు ఆఫీసు మందుల షాపు మేడ మీద. మోకాళ్లు పట్టుకుని ఇరవై రెండు మెట్లూ ఎక్కింది నర్సు.

"నాకు బీపీ అమ్మా," అన్నాడు లాయరు. "అయినా ఒక్క వంతెనకు ఇంత రభస దేనికి? చుట్టూ తిరిగి వెళ్లొచ్చుగా?"

నర్సు నోరు తెరిచేలోపే డ్రైవరు అందుకున్నాడు.

"చుట్టూ తిరిగితే నలభై నిమిషాలండీ. వంతెన మీదైతే ఏడు. పోయిన నెల ఒకావిడ బండిలోనే కనింది. బిడ్డను నా చొక్కాలో చుట్టాను. బతికింది. అంతకుముందు ఒక మేస్త్రీ, గుండెపోటు. ఏటి అవతల ఆస్పత్రి బోర్డు చూసి 'అదేగా' అన్నాడు. మేం అక్కడికి చేరేసరికి లేడు. ఆ ముప్పై మూడు నిమిషాలు ఎవరు తిరిగిస్తారండీ?"

పక్కగదిలో గుమాస్తా టైపు చేయడం ఆపేశాడు.

నర్సు తెచ్చిన నామినేషన్ ఫారం లాయరు ముందుకు లాక్కున్నాడు. "పేరు చెప్పు."

"ఎవరిదండీ?"

"నీదేనయ్యా. పాతికేళ్ల నుంచి కోర్టులో వాదిస్తున్నా. ఒక్కరోజైనా ఇలా వాదించలేదు."

డ్రైవరు గిర్రున తిరిగాడు. "ఇదంతా మీ ఎత్తా సిస్టరమ్మా?"

"కాదురా. ఆయన ఊ అంటే ఆయన పేరే రాయించేదాన్ని. నువ్వు ఇప్పుడైనా కాదనొచ్చు. ఇంకో ఇల్లు చూసుకుంటా." ఆవిడ అప్పుడే చెప్పుల కోసం వెతుక్కుంటోంది.

అతను భార్యకు ఫోన్ చేశాడు. గేటు సంగతితో సహా జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆవిడ ముందు అడిగింది ఒక్కటే.

"లాయరుగారి ముందు నిజంగా నువ్వే మాట్లాడావా?"

"నేనే."

"మరి నా దగ్గర ఇన్నేళ్లూ ఆ నోరు ఏమైందయ్యా! పెట్టు సంతకం. గేటు సంగతి ఇద్దరం చూసుకుందాం."

స్వతంత్ర అభ్యర్థిని బలపరిచే పది సంతకాలకు వెతుకులాట అక్కర్లేకపోయింది. నర్సు మెట్ల మీద నుంచి ఒక్క కేక వేసింది. మందుల షాపు ముందున్న క్యూ క్యూ అంతా పైకొచ్చేసింది.

రెండూ నలభైకి ఫారం దాఖలైంది. మూడూ పదికి ఆస్పత్రి నుంచి ఫోన్: రేపటి నుంచి బండి లోపలికి తేవద్దు.

డ్రైవరు ఫోన్ పెట్టెయ్యలేదు. ఈసారి నోరు పెగిలింది.

"గేటు బయటే పెడతానండీ. రోడ్డుకు ఇంకా దగ్గర."