మగ్గం ఆగని ఇల్లు

నా బిడ్డ పోయిన రోజు మధ్యాహ్నం అత్తమ్మ వాకిట్లో కూర్చుని మగ్గానికి దారం కండెలు చుడుతూనే ఉంది. చూడవచ్చిన ఇరుగుపొరుగు వాళ్లకు రాట్నం ఆపకుండానే చెప్పింది: "ఏడో నెలల పుడితె నిలుస్తుండె. ఎనిమిదో నెల బిడ్డ యాడ నిలుస్తది?" వాళ్లు తలలూపారు. వెనక రేకుల గదిలో, పాలు కారి తడిసిన రవికెతో కూర్చుని ఆ మాట విన్నాను. లోపల మగ్గం కూడా ఆగలేదు. నా భర్త రమేష్ బిడ్డను పూడ్చడానికి ఎత్తుకుపోతే, అతని చోట కూలికి నేసే కురుమూర్తి కూర్చున్నాడు.

నేను మానవపాడు దగ్గర ఒక పల్లెలో టీచర్ని. బడిలో మధ్యాహ్నం గుడ్డు ఏ పిల్లకు అందలేదో చూసుకోవడం నా పని. ఇంటికొస్తే నా కంచంలో ఎంత ఉందో చూడటం అత్తమ్మ పని. "జర తక్కువ తిను. బిడ్డ పెద్దగైతె కాన్పు కష్టమైతది." దవాఖానలో ఇచ్చిన రక్తం మాత్రలు ఒకరోజు పెంటకుప్పలో కనిపించాయి. "అవి మింగితె నల్లగ పుడ్తది" అంది. అట్లా కాదని డాక్టరమ్మ చెప్పిన మాట చెబితే నవ్వింది. "బడిల పిల్లలకు చెప్పు టీచరమ్మా, నాకు గాదు." రమేష్ అన్నం కలుపుకుంటూ, "అమ్మ నలుగుర్ని కన్నది. ఆమెకు తెల్వదా?" అన్నాడు. అతని కంచంలో గుడ్డు ఉంది. కడుపుతో ఉన్నది నేను.

ఆడపిల్ల పుట్టింది, నెలలు నిండకుండా. నర్సు షాజియా నా రవికె హుక్కులు విప్పించి, బిడ్డను నా రొమ్ముల మధ్య నిటారుగా ఆనించి, మెత్తటి బట్టతో నా ఒంటికి కట్టింది. "గీ వెచ్చదనమే దానికి మందు. మీ పాలే తాగాలె. ఎవరేమన్న గానీ తియ్యొద్దమ్మా" అంది. ఇంకొన్నాళ్లు ఉంచమని డాక్టరమ్మ అన్నా రమేష్ మమ్మల్ని ఇంటికి తెచ్చేశాడు. చలికాలం. మా ఇంట్లో చలి సోకనిది మందపు మట్టి గోడల మగ్గం గది ఒక్కటే. అత్తమ్మ ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "పురుటి మైలతోని మగ్గం కాడికి రావొద్దు." రేకుల గదిలో మంచం వేసింది. తర్వాత నా ఛాతీ మీది కట్టు చూసింది. "కోతి లెక్క ఏంది గిది? మొగోళ్లు తిరిగే ఇల్లు. సిగ్గు లేదా?" బిడ్డను విడదీసి చేటలో పడుకోబెట్టింది. లాక్కోబోతే రమేష్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

రెండేళ్లు గడిచాయి. ఈ చలికాలం ఆడబిడ్డ కావ్య కాన్పుకు వచ్చింది. ఆమెకు గుడ్లు, పాలు, నెయ్యి. "బిడ్డకు బలం గావాలె" అని అత్తమ్మ కొసరి కొసరి పెట్టింది. వండింది నేను. అయినా కావ్యకూ ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. బిడ్డ కాస్త గట్టిపడ్డాక, ఒంటికి కట్టుకునే ఉండాలని చెప్పి దవాఖాన నుంచి పంపారు. వాళ్లు వచ్చేసరికి ఇంట్లో మగ్గం ఆగి ఉంది. మగ్గం పక్కనే కావ్యకు పరుపు. మైల మాట ఎవరూ ఎత్తలేదు.

ఇవాళ కావ్య జ్వరంతో వణికిపోయింది. రమేష్ మందులకు వెళ్లాడు. అత్తమ్మ బిడ్డను ఎత్తుకుని, మగ్గం గదిలోనే ఉన్న నా దగ్గరికి వచ్చింది.

"నవనీతా, కాళ్లు సల్లగైతున్నయే. నువ్వు కట్టుకో. నీకు తెల్సు గద."

"నువ్వే కట్టుకో అత్తమ్మా. నీ ఒళ్లు గూడ వెచ్చగనే ఉంటది. ఎట్లనో చెప్త. ముందు నువ్వొకటి చెప్పు. నా బిడ్డకు ఈ గది ఎందుకియ్యలేదు?"

"గిప్పుడు గాదు బిడ్డా..."

"ఇప్పుడే."

ఆ పాదాల చల్లదనం ఎటు తీసుకుపోతుందో నాకు తెలుసు. తెలిసీ చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"మైల లేదు గీల లేదు" అంది అత్తమ్మ. "మగ్గం మీద పెండ్లి చీరుండె. ఎట్లైన పోయే బిడ్డకు మగ్గం ఎందుకాపాలె అన్నడు రమేష్. మైలని జెప్పమన్నడు. నేను జెప్పిన."

పరుపు మీంచి కావ్య తల్లిని చూసి, మొహం గోడకు తిప్పుకుంది.

అత్తమ్మ రవికె నేనే విప్పాను. "కురుమూర్తి గిట్ల వస్తడే, సిగ్గైతది" అంది. "రానీ. కోతి లెక్కనే కూసో" అన్నాను. బిడ్డను నిటారుగా ఆనించి, తల పక్కకు తిప్పి, ముక్కుకు గాలి ఆడేలా చూసి, గట్టిగా కట్టాను.

"ఊపిరి తగుల్తుందా?"

"తగుల్తుంది."

"నా బిడ్డది గూడ గిట్లనే తగులుతుండె."

ఆమె భుజాలు కదిలాయి. "ఏడ్వకు. ఛాతీ కదిలితె బిడ్డ నిద్ర చెడుతది" అన్నాను. ఆమె ఏడుపు మింగి, నోరు బిగబట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఎంతోసేపు ఆమెను కదలనివ్వలేదు, ఏడవనివ్వలేదు. బిడ్డ పాదాలు వెచ్చబడ్డాయి.

వాకిట్లో బండి ఆగింది. రమేష్ మందుల సంచి పట్టుకుని, గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు.

అతన్ని ఇంకా అడగలేదు.