వ్యానక్కది కాని బాకీ

బడిపిల్లలను వ్యానులో తిప్పే ఆవిడను వీధిలో అందరూ వ్యానక్క అనే పిలుస్తారు. ఆమె జీవితంలో ఒక్క వాయిదా ఎగ్గొట్టలేదు. పాత వ్యాను అప్పుచేసి కొన్నదే, ఆ అప్పు గడువుకు ముందే తీర్చేసింది. దాని పక్క తలుపు సరిగా పడక రోజూ మెకానిక్ చుట్టూ తిరగవలసి రావడంతో ఇక లాభం లేదని ఇంకోటి చూసుకుంది. తెల్లది, ఒకే చేతి మీద తిరిగింది, సీట్లకు చిరుగు లేదు. అమ్మేవాడు నెలాఖరు దాకా ఆగుతానన్నాడు.

అప్పు కోసం వెళితే, బ్యాంకు ఆఫీసరు కంప్యూటరు వైపు చూసి పెదవి విరిచాడు.

"మీ పేరు మీద క్రెడిట్ కార్డు బాకీ ఉందమ్మా. చాన్నాళ్ళుగా కట్టలేదు. ఇంత తక్కువ క్రెడిట్ స్కోరుకి అప్పు రాదు."

"నాకు కార్డే లేదండీ."

"ఇక్కడ ఉందనే చూపిస్తోంది మరి."

పొమ్మనలేక పొగబెట్టినట్టు కాగితాలు సర్దుకోవడం మొదలెట్టాడు. ఆమె కుర్చీలోంచి కదలలేదు. చివరికి ఆయనే, క్రెడిట్ రిపోర్టు తయారుచేసే బ్యూరో నుంచి దాన్ని ఉచితంగా తెప్పించుకోవచ్చనీ, తప్పుంటే వాళ్ళకే ఫిర్యాదు రాయాలనీ, దానికీ ఖర్చు లేదనీ చెప్పాడు. ఆమె మాత్రం తొందర కొద్దీ ఇంకో రెండు చోట్ల అప్పు అడిగి చూసింది. అక్కడా అదే మాట.

రిపోర్టు చూడగానే సంగతి అర్థమైంది. ఆ కార్డు తోడికోడలిది. అందులో దాపరికమేమీ లేదు. మరిదికి పని పోయినప్పుడు చిన్నకోడలు ఆ కార్డుతోనే ఇల్లు నడిపింది, తర్వాత కట్టలేకపోయింది. వసూలువాళ్ళు గుమ్మంలో అరిచినప్పుడు ఇంటిల్లిపాదీ విన్నారు. ఇద్దరి పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, ఇంటిపేరు ఒకటే. ఒకరిది కింది వాటా, ఒకరిది పై వాటా అయినా ఇంటి నంబరు ఒకటే. ఎక్కడో ఎవరో ఇద్దరినీ కలిపి ఒకే మనిషిని చేశారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టయింది.

"నువ్వు రాస్తే ఎవరు చదువుతారు? దీనికి మనిషి ఉన్నాడు," అన్నాడు ఆమె భర్త. అని ఊరుకోలేదు, ఆమెతో చెప్పకుండా వెళ్ళి ఆ మనిషికి ఫీజు కట్టేశాడు. ఆయన్ని స్కోరు డాక్టరంటారు. మేడ మీద చిన్న గది, గోడకు పైకెగబాకే పచ్చ బాణం బొమ్మ. డాక్టరు చేసిన వైద్యమేమిటంటే, రిపోర్టులో ఉన్న ఖాతాలన్నీ తప్పేనని రాసి పంపడం. ఆధారాలు లేని ఫిర్యాదని బ్యూరో తిప్పికొట్టింది.

వ్యానక్క మేడ మెట్లెక్కింది.

"నేను తీర్చిన వ్యాను అప్పు కూడా నాది కాదని ఎందుకు రాశారు?"

"చీకట్లో రాయి వేస్తే ఏదో ఒకదానికి తగులుతుంది కదమ్మా."

"తగిలింది నాకే. అది పోతే నాకున్న మంచిపేరు కాస్తా పోతుంది. ఫీజు తిరిగివ్వండి."

"తిరిగి ఇచ్చేది లేదని ముందే రాసిపెట్టాం," అని గోడ చూపించాడు. నిజమే, బాణం కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

ఆమె ఇంటికొచ్చి తనే రాసింది. ఆ ఒక్క కార్డు గురించే, నాది కాదని రాసి, గుర్తింపు కార్డు నకలు జతచేసింది. నెల రోజుల్లో జవాబివ్వాలన్నది నియమం. ఇచ్చారు: కార్డు కంపెనీని అడిగాం, వివరాలు సరైనవేనన్నారు, అని. ఆమె ఫోను చేసింది.

"ఏం సరిచూశారండీ?"

"పేరు, అడ్రసు సరిపోయాయి మేడమ్."

"పుట్టినతేదీ?"

"అది కంపెనీవాళ్ళనే అడగాలి మేడమ్."

కంపెనీవాళ్ళు బ్యూరోని అడగమన్నారు. మధ్యలో లైనులో ఆగమంటూ ఫోను పాట పాడుతూనే ఉంది. ఆ పాట వంటింట్లో కూడా చెవుల్లో మోగుతుంటే, ఆమె గిన్నెలు సొట్టపడేంత విసురుగా తోమేది. ఈలోగా నెలాఖరు దాటింది, తెల్ల వ్యాను ఇంకెవరో కొనుక్కుపోయారు.

ఆ సాయంత్రమే ఆమె పై వాటాకు వెళ్ళింది. చిన్నకోడలు తడిబట్టలు ఆరేస్తోంది.

"నాతో కార్డు ఆఫీసుకి రా. అది నీదని ఒక్క మాట చెబితే చాలు."

చిన్నకోడలు చొక్కా దులిపి, మళ్ళీ దులిపింది.

"నీ మీద ఉన్నన్నాళ్ళూ నా మీద కనబడట్లేదక్కా. మొన్న ఫ్రిజ్ వాయిదాల మీద ఇచ్చారు. మీ మరిదికి బండి తీసుకుందామని కూడా అనుకుంటున్నాం. ఇప్పుడది నా నెత్తికెక్కితే..."

"ఎక్కడమేంటి? నీదే కదా."

"నాదే. కాదన్నానా?"

వ్యానక్కకు తిట్టు నోటిదాకా వచ్చింది. కానీ అత్తగారి మందులు కూడా ఆ కార్డు మీదే వచ్చాయి. ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"ఇప్పటిదాకా నీ పేరు ఎక్కడా రాయలేదు. నువ్వు రాకపోతే రాయక తప్పదు," అని మెట్లు దిగేసింది. దిగుతుంటే, బెదిరించి వచ్చినట్టు తనకే చిరాకేసింది.

మర్నాడు పిల్లలను దింపి వచ్చేసరికి చిన్నకోడలు గేటు దగ్గర నిలబడి ఉంది. ఇద్దరూ కార్డు ఆఫీసుకి వెళ్ళారు. కౌంటరులో అమ్మాయి రెండు గుర్తింపు కార్డులు పక్కపక్కన పెట్టింది. పుట్టినతేదీలు వేరు, సంతకాలు వేరు, ఫొటోలు సరేసరి.

"ఓ, మీరు ఇద్దరా?" అని నాలుగు మీటలు నొక్కింది. "అయిపోయింది, బ్యూరోకి పంపేస్తాం."

ఈ నాలుగు మీటల కోసమా ఇన్నాళ్ళూ, అనుకుంది వ్యానక్క. పక్కన చిన్నకోడలు తలొంచుకుని, బాకీ కొంచెం కొంచెంగా కట్టే దారుందా అని అడుగుతోంది.

సరిచేసిన రిపోర్టు వచ్చాక మళ్ళీ బ్యాంకుకు వెళ్ళింది. ఆఫీసరు మళ్ళీ కంప్యూటరు చూశాడు.

"బాకీ పోయిందమ్మా. కానీ ఈమధ్య మూడు చోట్ల అప్పు అడిగారు. అలా అడిగినా స్కోరు కాస్త తగ్గుతుంది. వడ్డీ కొంచెం ఎక్కువ పడుతుంది."

"లేని బాకీ చూపించి మీరు కాదంటేనే కదండీ ఇంకో చోట అడిగాను?"

"నిజమే. కానీ మీరు అడిగిందీ నిజమే కదా. తప్పయితే తీయించొచ్చు, ఉన్నదాన్ని ఎలా తీయిస్తాం?"

వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచే రోజు దగ్గరపడింది, తలుపు సరిగా పడని వ్యానులో ఇక పిల్లలను ఎక్కించడం ఆమె వల్ల కాదు. అప్పు కాగితాల మీద సంతకం పెట్టింది. బూడిదరంగు వ్యాను వచ్చింది, వెనక సీట్లు చిరిగి ఉన్నాయి.

"పోనీలే, పని అయింది కదా," అన్నాడు భర్త.

"అవలేదు. ఎక్కువ పడిన ఆ వడ్డీ నేనెందుకు కట్టాలని వినియోగదారుల కోర్టులో కేసు వేశాను, బ్యూరో మీదా కార్డు కంపెనీ మీదా."

"గెలిచినా ఎంతొస్తుందే?"

"ఎంతో నాకూ తెలీదు," అని తాళాలు తీసుకుని ఆమె పిల్లల కోసం బయలుదేరింది.