ముప్పై రెండు చేతులు, ఒకే జవాబు

రాధాబాయి పరిశోధనకు పేరు ముందే కుదిరిపోయింది. 'పల్లె స్త్రీల పచ్చబొట్లలో తులసి కోట' అని నోటుబుక్కు అట్ట మీద రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టుకుంది. పచ్చబొట్లు చూడటం ఆ తరువాతి సంగతి.

అది ఎనభై ఏడో సంవత్సరం. కరీంనగర్‌లో వకీలు జలపతిరావు భార్యగా ఆమెకు అప్పటికి ఇరవై రెండేళ్ల సర్వీసు. అంతకు ముందు హైదరాబాదులో బి.ఏ. చదివింది, బొమ్మలు వేసేది. పెళ్లయ్యాక ఆ బొమ్మలు దిండు గలీబుల మీదికి దిగి అక్కడే స్థిరపడ్డాయి. పిల్లలు హాస్టళ్లకు వెళ్లిన తరువాత, ఇంట్లోనే ఉండి చదువుకునే చిత్రకళ డిప్లొమా ఒకటి కనబడితే చేరింది. ఇప్పుడది చివరికొచ్చింది. ఒక పెద్ద చిత్రం, దాని కోసం చేసిన పరిశోధన గురించి ఇరవై పేజీలు, నెలాఖరులోగా రిజిస్టరు పోస్టులో హైదరాబాదుకు పంపాలి. నెగ్గితే ఆమె పేరు మీద ఒక కాగితం వస్తుంది. ఇంతవరకు ఆ ఇంటికి ఆమె పేరిట వచ్చినవన్నీ 'శ్రీమతి జలపతిరావు గారికి' అని రాసిన శుభలేఖలే. అందులో ఆమె పేరేదీ?

పని చకచకా సాగింది. మొదటి చెయ్యి ఇంట్లోనే దొరికింది. రోజూ బియ్యం చెరిగి గిన్నెలు తోమిపోయే సాయవ్వది. మిగతా ముప్పై ఒకటీ పెద్దపల్లి దగ్గర, వాళ్ల పొలాలున్న ఊళ్లో దొరికాయి. ఆడవాళ్లు వరసగా వచ్చి కింద కూర్చుని ముంజేయి చాపారు. రాధాబాయి కుర్చీలో కూర్చుని చూసి నోటుబుక్కులోకి దింపుకుంది. ప్రతి ఒక్కరినీ శ్రద్ధగా అడిగింది, "గిది తులసి కోటనే గదా?" అని. ముప్పై రెండు మందీ "అవును దొరసాని" అన్నారు. ఆ ఊళ్లో సర్పంచి ఎన్నిక కూడా అంత ఏకగ్రీవంగా జరిగిన దాఖలా లేదు.

చిత్రం కూడా అయిపోయింది. గుడ్డ నిండా ముప్పై రెండు తులసి కోటలు, ఇటు నాలుగు రెమ్మలు, అటు నాలుగు రెమ్మలు, త్రాసులో తూచినట్టు. నడిమధ్యన అన్నిటికంటే పెద్దది సాయవ్వది. వ్యాసంలో చివరి ప్రశ్న ఒక్కటే మిగిలింది: 'మీ సొంత ఇష్టాలు, ముందే ఉన్న నమ్మకాలు ఈ పనిలో ఎక్కడెక్కడ చొరబడ్డాయి?' రాధాబాయి 'ఎక్కడా లేదు' అని రాసి చుక్క పెట్టింది.

ఆదివారం పొద్దున జలపతిరావు అచ్చుతప్పులు చూసి పెడతానని ఆ కాగితాలు తీసుకున్నాడు. చాయ తాగుతూ మొత్తం చదివాడు.

"బాగనే ఉన్నది గాని," అన్నాడు. ఆయన నోట 'గాని' వినబడితే కోర్టులో అవతలి సాక్షికి చెమటలు పడతాయని ప్రతీతి. "'గిది తులసి కోటనే గదా' అని అడిగినవా?"

"అవు. మరెట్ల అడగాలె?"

"నా సాక్షిని నేను గట్ల అడిగితె అవతలి వకీలు లేచి నిలవడ్తడు. సవాలులనే జవాబు పెట్టినవంటడు. జడ్జి గూడ ఊకోడు."

"నా దగ్గరికొచ్చినోళ్లు సాక్షులు గాదు. మనూరి ఆడోళ్లు."

"గదే ఫికర్. సాక్షి అయితె ఒక్కొక్కపారి ఎదురన్న తిరుగుతడు."

"మీకు బొమ్మలల్ల ఏమెరుక?"

"ఏమెరుక లేదు. ఊకెనే సాయవ్వనొకపారి మల్ల అడుగు."

సాయవ్వ ఆదివారం రాదు. మెథడిస్టు చర్చికి పోతుంది. ఆ సంగతి రాధాబాయికి పదేళ్లుగా తెలుసు. తెలిసి కూడా, వ్యాసంలో సాయవ్వ చేతి బొమ్మ కింద 'నిత్య పూజకు చిహ్నం' అని ఆరు వాక్యాలు రాసింది. ఆ ఆరు వాక్యాలూ ఇప్పుడు మళ్లీ చదువుకుంటే, కూరలో ఉప్పు రెండుసార్లు వేసిన సంగతి చుట్టాలు వడ్డనలో కూర్చున్నాక గుర్తొచ్చినట్టయింది.

సోమవారం సాయవ్వ చాట ముందేసుకుని కూర్చోగానే రాధాబాయి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"సాయవ్వా, నీ చేతి మీదిది బతుకమ్మ గదా?"

"అవును దొరసాని."

"మొన్న తులసి కోటన్నవు?"

"అవును దొరసాని. అది గూడ."

రాధాబాయి ముఖం మామూలుగానే పెట్టింది. "నాకైతె రైలింజను లెక్క గొడ్తున్నది."

సాయవ్వ చెయ్యి తిప్పి వెలుతురులో పెట్టి చూసుకుంది. "పొగగొట్టం గూడ ఉన్నది గద దొరసాని," అంది, బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేస్తూ.

రాధాబాయికి నవ్వొచ్చింది. సగం నవ్వాక నోటుబుక్కు గుర్తొచ్చి ఆగిపోయింది. ముప్పై రెండు పేజీలు తిప్పితే అందులో ఆ ఆడవాళ్ల మాట ఒక్కటే ఉంది, 'అవును'. మిగిలిందంతా తనదే. గడువు పది రోజులుంది. ఉన్నది ఉన్నట్టు పంపితే పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. హైదరాబాదు నుంచి ఎవరొచ్చి పెద్దపల్లిలో చేతులు చూస్తారు? కాగితం వస్తుంది, గోడకు తగిలించుకోవచ్చు. రోజూ సాయవ్వ ఆ గోడ కిందే కూర్చుని బియ్యం చెరుగుతుంది.

ఇంట్లోకి వెళ్లి సిరా బుడ్డి, అగ్గిపుల్ల తెచ్చింది. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. చాప మీద సాయవ్వ పక్కన చతికిలబడి, గాజులు పైకి తోసి చెయ్యి చాపింది.

"నీ చేతి మీదున్నది నా చేతి మీద గియ్యి. అదేందో నేనడగ."

"అయ్యో, మీ చెయ్యి నేను వట్టుకునుడా?"

"పచ్చబొట్లు పొడిచేటామె అందరి చేతులు వట్టుకోదా?"

ఆ మాట పనిచేసింది. పచ్చబొట్టు దగ్గర సూది పట్టినామెదే రాజ్యం. చెయ్యి ఎవరిదైనా ఆమె తిడితే పడాల్సిందే. సాయవ్వ అగ్గిపుల్ల సిరాలో ముంచి మణికట్టు గట్టిగా పట్టుకుంది. పుల్ల తగలగానే చక్కిలిగింత పుట్టి రాధాబాయి చెయ్యి లాక్కుంది.

"కదలకు పోరీ!" అంటూ సాయవ్వ మణికట్టు మీద ఒక్కటేసింది. వేసిన సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు. "ఇగో, గిది తల. గివి ముందటి చేతులు. గిది తోక, కొనకు కొండి. ఇగ కాళ్లు... ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిపాయె."

"తేలా?"

"తేలు గాకుంటె?"

"మరి ఒక్కదిక్కే కాళ్లున్నయి?"

"ఇంకోదిక్కు పొడవనిస్తెగా! ఏడేండ్ల పోరిని. మా అవ్వ నడుము వట్టుకున్నది, మా పెద్దమ్మ కాళ్లు వట్టుకున్నది. నాలుగు కాళ్లు పడంగనే పొడిచేటామెను కరిచి ఉరికిన. మక్కచేన్ల దాసుకుంటె పొద్దూకినంక దొర్కవట్టిరి. మా బాపు ఒకటే నవ్వుడు. 'పోనీ తియ్యి, కుంటి తేలు, ఎవలను కుట్టది' అన్నడు."

రాధాబాయి తన చేతికేసి చూసుకుంది. కుర్చీలోంచి తలకిందులుగా చూసింది కాబట్టి తేలు చేతులు కోట పీఠమయ్యాయి, తోక తులసి కొమ్మయింది, కాళ్లు రెమ్మలయ్యాయి. రెండోవైపు నాలుగు రెమ్మలు మాత్రం సాయవ్వ చేతి మీద లేనే లేవు. బాగుంటుందని తనే వేసింది.

"మరి తులసి కోటంటె అవునన్నవేందే సాయవ్వా?"

సాయవ్వ మణికట్టు వదిలేసి మళ్లీ చాట అందుకుంది. "మీరు గప్పటికే సగం బొమ్మ గీసిరి దొరసాని. కాదంటె ఖరాబయితది గదా అనుకున్న."

దబాయింపుకు భయపడిందనుకుంటే తేలికగా ఉండేది. తన బొమ్మ పాడవుతుందని జాలిపడి ముప్పై రెండు మంది తనకు తులసి కోటలు దానం చేశారన్నమాట.

మర్నాడే సిరా బుడ్డి పట్టుకుని రాధాబాయి ఊరికి బస్సెక్కింది. వారంలో పదకొండు మంది ఆమె చేతి మీద గీశారు. ఒకరిది దువ్వెన, ఒకరిది గొర్రు. సమ్మక్క ఆరు చుక్కలు పెట్టి, పుట్టి పోయిన తమ్ముళ్లని చెప్పింది. కిష్టవ్వ ఒక్కతెది నిజంగానే తులసి కోట. ఆమెను కౌగిలించుకోవాలనిపించింది గాని, పరిశోధకులు అట్లా చెయ్యకూడదేమోనని ఆగింది. మిగిలిన ఇరవై చేతుల గురించి 'తెలియదు' అని రాసింది. ఆ మాట రాయడానికి తక్కిన వ్యాసమంతటికీ పట్టినంత సేపు పట్టింది.

పెద్ద చిత్రం మీద పల్చగా తెల్లరంగు పూసింది. పాత తులసి కోటలు పూర్తిగా పోలేదు, లోపల నీడల్లా ఉండిపోయాయి. వాటి మీద మరో పూత వెయ్యలేదు, ఉండనిచ్చింది. నడిమధ్యన తేలును వేసింది. నాలుగో కాలు అయ్యాక కుంచె దానంతటది రెండోవైపుకు పోయింది. పట్టి వెనక్కి లాగి, అదే ఊపులో కలం తీసి, 'ఎక్కడా లేదు' కొట్టేసి రాసింది:

'పేరు ముందు పెట్టాను. కుర్చీలో కూర్చున్నాను. జవాబు చెప్పి ప్రశ్న అడిగాను. ఇది రాస్తున్నప్పుడు కూడా నా చెయ్యి తేలుకు అయిదో కాలు వెయ్యాలని చూస్తోంది.'

కొట్టేసిన మాట కనబడేటట్టే ఉంచింది. అట్ట మీద 'తులసి కోట' కూడా అంతే. ఇన్ని కొట్టివేతలున్న కాగితాలకు డిప్లొమా ఇస్తారో లేదో జలపతిరావు కూడా చెప్పలేకపోయాడు.

పార్సిలు కట్టే రోజు సాయవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చిత్రం ముందు నిలబడింది. రాధాబాయి నాలుక చివరిదాకా వచ్చిన 'బాగున్నది గదా' అన్నదాన్ని మింగేసి, వ్యాసం కాగితాల కట్టకు సుతిలి చుట్టసాగింది.

సాయవ్వ చాలాసేపు చూసింది. చూసి, "తోక జర పొట్టిగయింది," అంది.

రాధాబాయి సుతిలి పక్కన పెట్టి, ఆ మాటను తారీఖు వేసి నోటుబుక్కులో రాసుకుంది. తరువాత కుంచె తడిపి తోక పెంచింది.