సలూకీలు చూసిన వైపు

షావలన్న చెప్పిన హుబారా పిట్టను ఆ రోజు నేను కళ్లారా చూడాలి. చూడకపోతే పిట్టల సర్వే రిపోర్టులో ఆయన పేరున్న వరుస కొట్టేయమని మా ఆఫీసు మేనేజరు, ముదీర్, ముందే చెప్పాడు.

షావలన్నదీ మా నందికొట్కూరు వైపే. మఫ్రఖ్ అవతల అరబ్బు ఎడారిలో, తనకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌కు చెందిన రెండు సలూకీ కుక్కలను సాకేవాడు. హుబారాను మన బట్టమేక పిట్టే అనేవాడు. చూశానని చెబితే నమ్మి నేనే రాసుకున్నాను. రెండు వారాలకు కరోనాతో పోయాడు. మట్టి వేయడానికి కూడా మమ్మల్ని రానివ్వలేదు. ఈ దేశంలో ఆయన పేరు మిగిలింది ఆ ఒక్క వరుసలోనే.

ఇప్పుడు కుక్కలను చూసుకునేది కడప హయాత్ బాషా. సలూకీకి చూపు ఎక్కువ. అవి ఆగి ఎటు చూస్తే అటు బైనాక్యులర్ పెట్టడం మా పద్ధతి. పొద్దున్నుంచి తిరిగితే నాలుగు పావురాలు కనబడ్డాయి. డిగ్రీ చదివినోళ్లకు పిట్టలు భయపడతాయేమోనని హయాత్ బాషా ఎగతాళి చేశాడు.

పదకొండింటికి కుక్కలు ఆగాయి. ఎదురుగా ముళ్లపొద కదిలింది. నేను బైనాక్యులర్ ఎత్తేలోపే అవి పట్టు విడిపించుకుని ఉరికాయి. హయాత్ బాషా ఉర్దూలో ఎంత పిలిచినా వినలేదు. పిట్ట బెదిరిపోతుందన్న కంగారులో, షావలన్న పిలిచినట్టే పిలిచాను.

"నిలబడు నాయనా."

ఆగాయి. నా వైపు మాత్రం చూడలేదు. ఒక్కసారిగా పొదలోంచి దూసుకుపోయి అవతలి గాఫ్ చెట్టు కిందికి పరుగెత్తాయి. దుమ్ములో గోధుమరంగుది ఏదో లేచిపోయింది. పెద్దదే. ఏ పిట్టో చెప్పలేను.

చెట్టు కింద కుక్కలు తలలెత్తి తోకలాడిస్తున్నాయి. అలవాటుగా అటు బైనాక్యులర్ పెట్టాను. ఇసుక తప్ప ఏమీ లేదు. ఎవరో నిమురుతున్నట్టు వాటి చెవులు వెనక్కి వాలి ఉన్నాయి.

"సూసినామని రాసెయ్ ఫర్దీన్ సారూ. ఎవరొచ్చి అడుగుతారు?" అన్నాడు హయాత్ బాషా.

"నేను చూడలేదు కదన్నా."

గంట గడిచినా అవి కదల్లేదు. చివరికి హయాత్ బాషా టోపీ సర్దుకుని, చెట్టుకు కాస్త దూరంలోనే నిలబడి మెల్లగా అన్నాడు.

"షావలన్నా, ఎండ ముదురుతాంది. పంపించు వాటిని."

రెండూ తిరిగి నెమ్మదిగా వచ్చి బండెక్కాయి. నేను ఫారం తీసి, పిట్ట కనబడలేదని రాసి సంతకం చేశాను. రిపోర్టులో ఆయన పేరు మీద గీత గీస్తున్నంతసేపూ కుక్కలు నా చేతి వైపే చూశాయి.