పన్నెండో చెయ్యి

నేను బట్టలు మడతపెడుతుంటే మా ఆయన ఉపన్యాసం సాధన చేస్తున్నాడు. వచ్చేవారం మేమిద్దరం పనిచేసే యూనివర్సిటీకి విదేశీ అతిథులు వస్తున్నారు, వాళ్ళ ముందు ఆయన మాట్లాడాలి. మధ్యమధ్యలో "ఇది రాసుకో" అంటాడు. మడత వదిలి రాసుకుంటాను.

"కొన్ని దేశాల్లో వీసీని అధ్యాపకులే ఎన్నుకుంటారు. కొన్నిచోట్ల ప్రభుత్వం పంపిస్తుంది. ఇంకొన్నిచోట్ల పాలకమండలిలో విద్యార్థులకీ ఓటుంది. పద్ధతి ఏదైనా అందరి మాటా వినాలి. రాశావా? నవ్వుతావేంటి?"

"దగ్గొచ్చింది" అన్నాను.

మా పాలకమండలిలో నేనూ ఉన్నాను. అధ్యాపకులు ఓట్లేసి గెలిపించారు. మొదటిరోజే రిజిస్ట్రారు పుస్తకం నా ముందుకు తోశాడు. "మీ రాత ముత్యాల్లా ఉంటుంది మేడమ్. సమావేశాల మినిట్స్ మీరే రాయాలి." పన్నెండుమంది సభ్యుల్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఇంటికొచ్చి చెప్తే మా అత్తగారు "పోన్లేవే, కూర్చుని చేసే పనేగా" అన్నారు. ఆరేళ్ళయింది. వీసీ "అందరూ సరేనా?" అంటారు. చేతులు లేస్తాయి. నా చెయ్యి రాస్తూ ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. 'ఏకగ్రీవంగా ఆమోదించారు' అని చివర్లో నేనే రాస్తాను. నిద్రలో లేపి అడిగినా రాసేస్తాను.

ఆయన ఉపన్యాసం రాసుకున్న మర్నాటి సమావేశంలో ఐదో అంశం పిల్లల గది. క్లాసుకీ క్లాసుకీ మధ్య పరుగెత్తుకెళ్ళి నా కూతురికి పాలిచ్చిన గది అది. ఇప్పుడక్కడ టైపిస్టు కొడుకు, ఊడ్చే అమ్మాయి కూతురు పడుకుంటున్నారు. దాన్ని తీసేసి అతిథులకి విశ్రాంతి గది చేస్తారట. ఉన్న సౌకర్యం తీసెయ్యాలంటే మాత్రం సభ్యులందరూ ఒప్పుకోవాలని మా నిబంధన.

"మన పాలన చూడ్డానికి వస్తున్నారు, కాస్త మర్యాదగా ఉండాలి కదా. అందరూ సరేనా?" అన్నారు వీసీ.

చేతులు లేచాయి. ఒళ్ళు మండిపోయింది. అరవడానికి ఓపిక లేదు. ఎప్పట్లాగే తలొంచుకుని రాశాను.

మినిట్స్ చదివి వినిపించాకే సంతకాలు. టీ కప్పుల చప్పుడులో చదువుకుంటూ పోయాను.

"ఐదో అంశం. అనుకూలం పదకొండుమంది. వ్యతిరేకం ఒకరు. ఏకగ్రీవం కాలేదు కాబట్టి పిల్లల గది ఉన్నచోటే ఉంటుంది."

కప్పుల చప్పుడు ఆగింది.

"ఒకరేంటి మేడమ్? అందరం ఎత్తాం కదా!" అన్నాడు రిజిస్ట్రారు. పదకొండుమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నావైపు ఎవరూ చూడలేదు.

పెన్నుకి మూత పెట్టి, పుస్తకం రిజిస్ట్రారు ముందుకు తోసి, చెయ్యెత్తాను.