పండుగకు ముందు కోసిన కాయలు

ఖమ్మంలో ఆదినారాయణ డిటెక్టివ్ ఏజెన్సీ పేరు వినని వాళ్లు లేరు గానీ, ఆయన పట్టిన దొంగ పేరు ఒక్కటి చెప్పమంటే చెప్పగలిగిన వాళ్లూ లేరు. పెళ్లికొడుకు తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, అప్పులేమైనా ఉన్నాయా, ఇదీ ఆయన వ్యాపారం. నాలుగు సంబంధాలు చెడగొట్టాడని తిట్టేవాళ్లు తిట్టేవాళ్లే, వాకబు చేయించేవాళ్లు చేయించేవాళ్లే.

అలాంటి మనిషికి 2007 వేసవిలో భద్రాచలం నుంచి ఫోన్ వచ్చింది. నవమి జనం పలచబడి, పాపికొండలు చూసే టూరిస్టులు వచ్చిపోతున్న రోజులు. ఫోన్ చేసింది ప్రమీలారాణి. కోస్తా నుంచి వచ్చి గోదావరి ఒడ్డున భోజన హోటల్ పెట్టుకున్న మనిషి. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. తన హోటలుకు ఏళ్ల తరబడి అడవిలో ఏరిన అడ్డాకులతో కుట్టిన విస్తళ్లు తెచ్చిచ్చే జంపక్కను గంజాయి కేసులో పట్టుకుపోయారని ఏడుస్తూ చెప్పింది.

జంపక్కది చర్ల అవతల అడవిలో కోయగూడెం. ఆ రోజు విస్తళ్ల కట్టతో రోడ్డు మీద నిలబడితే ఒక టూరిస్టు వ్యాను ఆగింది. డ్రైవరు గోపాలు పిలిచి మరీ ఎక్కించుకున్నాడు. ముందు చెక్‌పోస్టులో పోలీసులు బండి వెతికితే సీటు కింద ఒక గంప దొరికింది. పైన పచ్చి మామిడికాయలు, అడుగున గంజాయి పొట్లాలు. గంప ఆ కోయామెదే అన్నాడు గోపాలు. బండిలోని టూరిస్టులు నిద్రమత్తులో ఏమీ చూడలేదన్నారు. అడవి మనిషి, అడవి కాయలు, ఇంకేం కావాలి? జంపక్కను జైలుకు పంపారు.

అవతలి రాష్ట్రం నుంచి గంజాయి దించి, టూరిస్టు బళ్లలో హైదరాబాదు చేరవేసే ముఠా ఒకటుందని భద్రాచలంలో టీకొట్టు వాళ్లకు కూడా తెలుసు. పేర్లు మాత్రం ఎవరి నోటా రావు.

"బెయిలు కూడా దొరకదంటున్నారండీ. పదేళ్లు పడుద్దంట," అంది ప్రమీలారాణి. "మీరేం చేస్తారో నాకు తెలీదు, నా జంపక్కను బయటికి తీసుకురండి."

ఆదినారాయణ ముందు జైలుకు వెళ్లాడు. జంపక్క ఎక్కువ మాట్లాడలేదు. "కాయ నేను ముట్టలే సారూ. ఈ ఏడు ముట్టనే లే," అని అదొక్కటే చెప్పింది. కొంప మునుగుతుంటే ఈమెకు మామిడికాయల గొడవేమిటని ఆయనకు చిరాకు వేసింది. గంజాయి సంగతి చెప్పమ్మా అని గట్టిగానే అడిగాడు. ఆమె తల దించుకుని మళ్లీ అదే మాట అంది.

ఆ తర్వాత లాడ్జీలు తిరిగాడు, లాంచీల రేవు తిరిగాడు. ఎవర్ని కదిపినా తెలియదనే మాటే. ఒక లాడ్జి మేనేజరయితే కాఫీ ఇప్పించి, నవ్వు మొహంతోనే, ఖమ్మం పోయి పెళ్లిళ్లు చూసుకొమ్మని చెప్పాడు. ఆదినారాయణ ఖమ్మం బస్సు టైము వాకబు చేసిన మాట నిజం. కానీ ప్రమీలారాణికి మొహం ఎలా చూపించడం? ఇక మిగిలింది జంపక్క ఊరే కదా అని చర్ల బస్సెక్కాడు.

బస్సు దిగి అడవిలో నడిచేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. గూడెం మొదట్లోనే చేతికందే ఎత్తులో మామిడికాయలు వేలాడుతున్నాయి. అయ్యగారు నోట్లో నీళ్లూరుతుండగా చెయ్యి చాచారు. అంతే, ఎక్కడినుంచి వచ్చిందో పూలి అనే ముసలామె, చేతికర్రతో మణికట్టు మీద ఒక్కటిచ్చింది. కేకలకు గూడెమంతా పోగయింది. ఒక్క కాయకు ఇంత రాద్ధాంతమా అని ఆదినారాయణ బిక్కచచ్చిపోయాడు.

గూడెం పెద్ద రామన్న పటేలు వచ్చి ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, విషయం చెప్పాడు. మామిడి పండుగ ఇంకా కాలేదు. కొత్తకాయ ముందు గూడేన్ని కాచే దేవతతల్లికి, చచ్చిపోయిన పెద్దలకు పెట్టాలి. అప్పటిదాకా కొయ్యడం లేదు, కొరకడం లేదు, అమ్ముకోవడం అసలే లేదు. ఆదినారాయణ చెట్టు కిందికి చూశాడు. రాలిన కాయల పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు, ఒక్కరూ వాటిని ముట్టుకోవడం లేదు. అప్పుడు వెలిగింది ఆయనకు, జంపక్క చెప్పిందేమిటో. తెలివి తెల్లారినట్టే ఉందని తనను తాను తిట్టుకున్నాడు. చేతిలో సాక్ష్యం పెడితే ఆమెనే కసిరాడు గదా.

రామన్న పటేలును వెంటబెట్టుకుని, కేసు రాసిన ఎస్సై దగ్గరికి వెళ్లాడు. పండుగలు కోర్టులో చెల్లవని ఎస్సై నవ్వేశాడు. కోర్టు సంగతి తర్వాత, ఒక్కసారి గోపాలును పిలిచి కాయల సంగతి మాత్రమే అడగమని ఆదినారాయణ బతిమాలాడు.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. గోపాలు అతికించడంతో ఆగలేదు, పూలదండ కూడా వేశాడు. జంపక్క వాళ్ల గూడెం చెట్టు మీది కాయలు తన కళ్లముందే కోసి గంప నింపిందన్నాడు. బండిలో కూర్చుని ఉప్పు అద్దుకుని ఒకటి తిన్నదని, తనకూ ఒక ముక్క పెట్టిందని చెప్పాడు.

అప్పటిదాకా గోడవారగా ఉన్న రామన్న పటేలు ముందుకొచ్చాడు.

"బిడ్డా, మా గూడెంల ఆకలికి సచ్చినోళ్లున్నరు. పండుగ కాకముందు కాయ కొరికినోళ్లు మాత్రం లేరు."

గొంతు పెంచలేదు ముసలాయన. కానీ ఎస్సై మొహంలో నవ్వు పోయింది. ఆ కాయలు ఎక్కడివిరా అని గోపాలును మళ్లీ అడిగాడు. ఈసారి వాడికి మాట తడబడింది. సాయంత్రానికి భద్రాచలం మార్కెట్లో కాయలు కొన్న కొట్టు చూపించాడు, కొట్టతను వాడిని గుర్తుపట్టాడు. ఆపైన తీగ లాగితే డొంకంతా కదిలింది. వ్యాను యజమాని, వాడి వెనకున్న పెద్దమనుషులు లోపలికి పోయారు. ఏళ్ల తరబడి అడవిని దోచుకు తిన్నవాళ్లు, అడవివాళ్లు ఏది ఎప్పుడు తింటారో ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. చూశారా ఖర్మ!

తప్పు మనిషిని పట్టుకున్నామని పోలీసులే కోర్టుకు రాసిచ్చారు. జంపక్క బయటికి వచ్చేసరికి ఎండలు ముదిరిపోయాయి. ప్రమీలారాణి జీపు మాట్లాడి, ఆమెనూ ఆదినారాయణనూ ఎక్కించుకుని గూడేనికి బయల్దేరింది. దారి పొడుగునా ఆవిడ నోరు ఆగలేదు, ఆదినారాయణకూ ఆ పూట అది హాయిగానే ఉంది.

జీపు దిగిన జంపక్క చెట్టు దగ్గర ఆగిపోయింది. కింద కాయలు కుప్పలుగా రాలి, మాగి, కుళ్లిపోయి ఉన్నాయి. కొమ్మలకు ఎక్కడో ఒకటీ అరా మిగిలాయి. పక్కనే నిలబడ్డ మొగుడు హేమ్లాను అడిగింది.

"పండుగ చెయ్యలేదా?"

హేమ్లా పటేలు వైపు చూశాడు. రామన్న పటేలే చెప్పాడు.

"నువ్వు లోపలుంటే మేమెట్ల తింటమే?"

జైల్లో ఏడవని మనిషి, కోర్టులో కన్నీటి చుక్క రాల్చని మనిషి, ఆ చెట్టుకు ఆనుకుని గట్టిగా ఏడ్చేసింది. పూలి దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది.

మర్నాడు పొద్దున్నే పండుగ చేశారు. తల్లికి పెట్టాక మిగిలిన కాయలు ఇంటికొక్కటి కూడా రాలేదు, ముక్కలు కోసి పంచారు. ఆదినారాయణకూ, ప్రమీలారాణికీ తలా ఒక ముక్క దక్కింది. పిల్లలతో సహా గూడెం గూడెమంతా ముక్కలు చేతుల్లో పట్టుకుని, జంపక్క కొరికేదాకా ఆగింది.