ఈనె తీసిన ఆకు

పశుగ్రాస పరిశోధన కేంద్రంలో పెద్ద అధికారికి ‘సగటు సారు’ అని పేరు పెట్టింది ఆవిడే. ఆవిడంటే అక్కడి ల్యాబు టెక్నీషియను. పద్దెనిమిదేళ్లుగా గడ్డి కోయించి, ఎండబెట్టి, పొడి కొట్టించి, అందులో ప్రొటీను ఎంతుందో, పీచు ఎంతుందో తేలుస్తున్న మనిషి. సారేమో లెక్కల చదువు చదివి, ఎవరి దయవల్లో ఈ కుర్చీలోకి వచ్చి పడ్డాడు. గరికకీ వరికీ తేడా తెలియదు. ఏం చూపించినా "సగటు ఎంతమ్మా?" అంటాడు. మూడు గుక్కల సగటు తీస్తే గానీ టీ బాగుందో లేదో చెప్పలేడని ఆవిడ అంటే, పక్క గది గుమాస్తా పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

మూడేళ్ల కిందట ఆకు గట్టిదనం కొలిచే మిషను వచ్చింది. ఆకును రెండు పట్టుల మధ్య బిగించి లాగితే, అది చిరగడానికి ఎంత బలం పట్టిందో అంకె చూపిస్తుంది. అంకె పెద్దదైతే పశువు దవడకు పని ఎక్కువ, కడుపుకు మేత తక్కువ. మొదటి వారం కాగితాలు చూసి సారు మొహం చిట్లించాడు. ఆకు మధ్యలో ఈనె లావుగా ఉన్నచోట ఒక అంకె, సన్నగా ఉన్నచోట ఇంకో అంకె వచ్చాయి మరి.

"మరీ ఎగుడుదిగుడుగా ఉన్నాయమ్మా. ఆ ఈనె తీసేసి కొలవండి, నీటుగా వస్తాయి," అన్నాడు.

ఆకు గట్టిదనమంతా ఆ ఈనెలోనే ఉంటుందని ఆవిడకు తెలుసు. "అలాగే సార్," అని బయటికొచ్చి, "పెంకు తీసేసి కొబ్బరికాయ మెత్తగా ఉందని రాసే రకం ఈయన," అంది గుమాస్తాతో. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వులయ్యాక ఆవిడ కుర్చీ లాక్కుని గోటితో ఈనెలు పీకడం మొదలుపెట్టింది.

ఆ లెక్కన పదిహేడో నంబరు గడ్డి అన్నిటికన్నా మెత్తనిదని తేలింది. ప్రొటీనూ దండిగానే ఉంది. ఫలితాల కాగితం కింద ‘పరీక్షించినవారు’ అన్నచోట ఆవిడ పెదవి విరుస్తూనే సంతకం పెట్టింది. పోయిన నెల ఆ కాగితాన్నే అచ్చువేసి రైతులకు పంచారు.

ఒకరోజు పొద్దున్నే ఆవిడ అక్క ఖాళీ గోతాలు చంకన పెట్టుకుని ల్యాబుకొచ్చింది. అక్కకు తొమ్మిది పాడి ఆవులు. ఇల్లు గడిచేది వాటి పాలమీదే. వాటికి ఎకరం పాత గడ్డి తప్ప వేరే మేత లేదు.

"పదిహేడో నంబరు పిలకలు ఇప్పించవే, నాటుకుంటా. రేపు ట్రాక్టరొస్తుంది, పాతది మొత్తం దున్నించేస్తున్నా," అంది స్టూలు మీద కూర్చుంటూ. "కాగితం మీద నీ సంతకం చూశాకే ధైర్యం వచ్చింది."

ఆవిడ చేతిలోని ఈనెను ట్రేలో పడేసింది. "మొత్తం ఎందుకక్కా, ఓ మూల వేసి చూడు ముందు."

"ఎందుకూ? మెత్తనిదని మీరే రాశారుగా?" అంటూనే అక్క బల్ల మీది ట్రే వైపు చూసింది. "అదేంటే, ఈనెలు పీకేస్తున్నావ్?"

ఆవిడ నవ్వుతూ సంగతంతా చెప్పింది, కొబ్బరికాయ మాటతో సహా. అక్క నవ్వలేదు.

"మా ఆవుల ముందు కూర్చుని ఎవరు పీకి పెడతారు ఈనెలు?" అంది. "ఏదీ, ఆకు మొత్తం పెట్టు ఆ మిషన్లో."

ఈనె తీస్తే ఆరు పడ్డ పదిహేడో నంబరు ఆకు, ఈనెతో పెడితే ఇరవై తొమ్మిది చూపించింది. అక్క పొలంలో ఉన్న పాతరకం గడ్డే ల్యాబులోనూ ఉంటే, దాని ఆకును అలాగే ఈనెతో పెడితే పద్నాలుగు దాటలేదు.

"చూశావా? ఆ సగటు సారు కింద పని చేస్తే ఇంతేనక్కా. ఎంత మొద్దంటే..."

"ఆయన సంగతి తర్వాత. ఈ ముక్క ఆయన చెవిన వేశావా?"

"చెబితే వినే రకమా?"

"వింటాడా అని అడగలేదు. చెప్పావా?"

ఆవిడ ఈనెల ట్రేను అటు జరిపి ఇటు జరిపింది. అక్క గోతాలు మడుచుకుని లేచింది. టీ తాగి వెళ్లమన్నా ఆగకుండా, ట్రాక్టరతనికి ఫోన్ కలుపుతూ మెట్లు దిగిపోయింది.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఆ మొద్దు ఎలాంటి జవాబు చెబుతాడో విని, సాయంత్రం అక్కకు చెప్పి తీరాలనుకుంది. అంకెలు రాసిన చీటీ, రెండు ఆకులు పట్టుకుని నేరుగా సారు గదిలోకి వెళ్లి, గడగడా చెప్పేసింది. "దీని సగటు ఎంతమ్మా?" అంటాడని ఎదురుచూస్తూ నిలబడింది.

సారు మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"గట్టిదనం ఈనెలోనే ఉంటుందా? మీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"నాకు గడ్డి గురించి ఏమీ తెలియదమ్మా. ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, నాకూ తెలుసు. మీకు తెలుసు కదా అనే మీ చేత సంతకం పెట్టించాను. ఒక్క మాట అనుంటే, తీయొద్దనేవాణ్ణి కదా."

ఆ గొంతులో వెటకారం ఉందేమోనని ఆవిడ వెతికింది. లేదు. సారు లేచి, పిలకలు పట్టుకెళ్లినవాళ్ల రిజిస్టరు తానే బీరువాలోంచి తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఒక్క నెలలో నలభై ముగ్గురు.

"పై ఆఫీసుకు నేను రాస్తాను, తప్పు నాదేనని. వీళ్లకు మాత్రం మీరే ఫోన్ చేయండి. ఈనెతో ఏమిటి గొడవని అడిగితే నేను చెప్పలేను."

ఆవిడ మొదటి నంబరు కలిపింది. అవతల ఒక పెద్దాయన హుషారుగా ఎత్తాడు.

"మొన్ననే నాటేశామమ్మా! పాత గడ్డి వేళ్లతో సహా పెకలించేశాం. నువ్వేనా తల్లీ, మెత్తనిదని సంతకం పెట్టింది?"

"నేనేనండీ," అంది ఆవిడ. "అది మెత్తనిది కాదు. నాకు ముందే తెలుసు."

"సరే తల్లీ," అని పెద్దాయన మెల్లిగా ఫోను పెట్టేశాడు. తిడితే బాగుండునని ఆవిడకు అనిపించింది.